రూల్సు తెలిస్తే బతికిపోతామా?

హారర్ సినిమాల విషయంలో మన హేతువాద మిత్రులు రెండు వర్గాలుగా చీలి ఉన్నారు. మొదటిది పెద్దవాళ్ళ వర్గం. వీరి లెక్కలో హారర్ సినిమా అంటే దెయ్యాల ప్రచారం, మూఢనమ్మకాల వ్యాపారం. అన్నిటినీ ఒకే గాటన కట్టి ఖండించేస్తారు. రెండోది ముప్పై నలభై ఏళ్ళ వాళ్ళ వర్గం. వీళ్ళు అమెరికన్ హారర్ సినిమాలు వరసపెట్టి చూసినవాళ్ళు. "అన్నీ ఒకటి కావు సార్. 'స్క్రీమ్' చూడండి. అందులో కుర్రకారుకి హారర్ సినిమాల ఫార్ములా మొత్తం తెలుసు. సినిమాయే తన గుట్టు తాను విప్పుకుంటుంది. అది హేతువాదుల హారర్" అంటారు. మా సంఘం సమావేశంలో ఆ సినిమా ప్రదర్శించాలా వద్దా అని గంటసేపు వాదన నడిచింది.

నాకు ఈ రెండు మాటలూ నచ్చలేదు. పెద్దలది సినిమా చూడకుండా చెప్పిన తీర్పు. కుర్రవాళ్ళది సినిమా చూసి, ఆనందించి, ఆ ఆనందాన్నే ఆలోచన అనుకుని చెప్పిన తీర్పు. ఈ రెండోదే నాకు ఎక్కువ ప్రమాదంగా కనిపిస్తోంది. ఎందుకంటే అది ముఖ్యంగా మనలాంటి వాళ్ళకే పట్టే జబ్బు.

నేను సినిమా విమర్శకుణ్ణి కాను. బీకాం చదివి, రక్షణ శాఖ లెక్కల విభాగంలో ఉద్యోగం చేసి రిటైరైన వాణ్ణి. అయితే "లెక్క సరిపోయిందండీ" అని ఎవరైనా గట్టిగా చెబితే "వోచర్లు ఒకసారి ఇలా ఇవ్వండి" అనడం నాకు ఇప్పటికీ పోని అలవాటు. ఈ వ్యాసంలో చేసేది అదే. సినిమా చూడనివాళ్ళకి ఒక హెచ్చరిక: హంతకులెవరో ఇందులో తెలిసిపోతుంది.

ముందు పెద్దల సంగతి తేలుద్దాం. స్లాషర్ అంటే కత్తి పట్టుకున్న ఒక ముసుగు మనిషి టీనేజి పిల్లల్ని ఒక్కొక్కరినే చంపుకుంటూ పోయే సినిమా. జాన్ కార్పెంటర్ 1978లో సుమారు 3 లక్షల డాలర్లతో 'హాలోవీన్' తీసి కోట్లలో గడించాక, 1980లో 'ఫ్రైడే ది థర్టీన్త్' వచ్చాక, ఈ రకం వరదలా పొంగింది. ఒక్క 'ఫ్రైడే ది థర్టీన్త్' కే 1989 నాటికి ఎనిమిది భాగాలొచ్చాయి. చంపినా చావని హంతకులు, నీళ్ళలోంచి లేచొచ్చే శవాలు చూసి చూసి జనానికి విసుగొచ్చింది. అప్పుడు 1996 డిసెంబరులో వెస్ క్రేవెన్ దర్శకత్వంలో, కెవిన్ విలియమ్సన్ రాసిన 'స్క్రీమ్' వచ్చింది.

ఇందులో దెయ్యం లేదు. తెల్ల ముసుగు వేసుకున్నవాడు ఫోనులో గొంతు మార్చే యంత్రం పెట్టుకుని మాట్లాడతాడు. పరిగెడుతూ కుర్చీ తగిలి బోర్లా పడతాడు. తలుపు మొహానికి కొడితే కూలబడతాడు. చివరికి ముసుగు తీస్తే లోపల ఉన్నది ఇద్దరు మామూలు స్కూలు కుర్రాళ్ళు. 2023 నాటికి వచ్చిన ఆరు భాగాల్లో ప్రతిసారీ అంతే: ముసుగు ఊడుతుంది, లోపల ఒక మనిషి, ఆ మనిషికో కారణం. మన వంశీ గారి 'అన్వేషణ' (1985)లో పులి చంపిందనుకున్న హత్యల వెనక మనిషి దొరికినట్టే. ఇది మూఢనమ్మకం ఎలా అవుతుంది?

పెద్దలకి కోపమే వస్తే రావాల్సిన చోటు వేరే ఉంది. 'ది టెక్సాస్ చైన్‌సా మసాకర్' (1974) మొదట్లోనే ఇది నిజంగా జరిగిందన్నట్టు చెబుతుంది. టెక్సాస్‌లో అలాంటిదేమీ జరగలేదు. విస్కాన్సిన్‌లో 1957లో పట్టుబడిన ఎడ్ గీన్ అనేవాడి నేరాల్లోంచి నాలుగు వివరాలు తీసుకుని అల్లిన కథ అది. 'ది కంజూరింగ్' (2013) దెయ్యాలు వదిలిస్తామని తిరిగిన వారెన్ దంపతుల కేసుల్ని నిజం అన్న లేబులు అంటించి అమ్మింది. అబద్ధాన్ని అబద్ధమని చెప్పి టిక్కెట్టు అమ్మేవాడు కళాకారుడు. నిజమని చెప్పి అమ్మేవాడికీ మన తాయెత్తుల స్వామికీ నాకు తేడా కనపడదు. 'స్క్రీమ్' మొదటి రకం. కాబట్టి పెద్దల అభ్యంతరం కొట్టివేయడమైనది.

ఇక రెండో వర్గం. అభిమానిని ఎగతాళి చేసేముందు ఈ సినిమా అతనికి ఏమిస్తోందో న్యాయంగా చూడాలి.

మొదటి సన్నివేశమే చెబుతుంది. ఇంట్లో ఒంటరిగా పాప్‌కార్న్ వేయించుకుంటున్న అమ్మాయికి ఫోను వస్తుంది. అవతలివాడు హారర్ సినిమాల మీద క్విజ్ పెడతాడు. 'హాలోవీన్'లో హంతకుడెవరంటే సరిగ్గా చెబుతుంది. 'ఫ్రైడే ది థర్టీన్త్'లో ఎవరంటే జేసన్ అని ఠక్కున చెబుతుంది. తప్పు! మొదటి భాగంలో చంపేది జేసన్ తల్లి; జేసన్ హంతకుడయ్యేది రెండో భాగం నుంచి. ఈ ప్రశ్నకి హాల్లో కూర్చున్న అభిమాని మనసులోనే సరైన జవాబు చెప్పుకుంటాడు. తెర మీద అమ్మాయి ఫెయిల్, కుర్చీలో తను పాస్. వీడియో షాపుల్లో క్యాసెట్లు అద్దెకి తెచ్చుకుని రాత్రుళ్ళు చూసి ఇంట్లో తిట్లు తిన్న ఒక తరానికి, ఆ చదువంతా వృథా పోలేదని చెప్పిన మొట్టమొదటి సినిమా ఇది.

రెండో సంగతి, భయానికి గట్టు కట్టిపెట్టింది. గుండె దడదడలాడుతూనే ఉంటుంది, "ఇది ఇలాగే వస్తుందని నాకు తెలుసు" అన్న ధీమా పక్కనే ఉంటుంది. జాతరలో రంగులరాట్నం ఎక్కినవాడి కేకలాంటిది అది. అందులో తప్పేమీ లేదు.

మూడోది, ఇది పదిమంది కలిసి చూసే సరదా. డబ్బు లెక్క కూడా అదే చెబుతుంది. సుమారు కోటిన్నర డాలర్లతో తీసిన సినిమా మొదటి వారాంతంలో తెచ్చింది 63 లక్షలే. కానీ అమెరికాలోనే మొత్తం 10 కోట్లు దాటింది, ప్రపంచమంతా కలిపి 17 కోట్ల పైచిలుకు. మొదటి వారాంతానికి పదహారు రెట్లు! హారర్ సినిమాలు సాధారణంగా మొదటి వారం ఆడి రెండోవారం పడిపోతాయి. ఇది నోటిమాట మీద, చూసినవాళ్ళే మళ్ళీ స్నేహితుల్ని వెంటేసుకు వెళ్ళడం మీద ఆడింది.

ఇంతవరకూ నాకు అభ్యంతరం లేదు. అభ్యంతరం తర్వాతి మెట్టు దగ్గర. "ఫార్ములా నాకు తెలుసు" అన్నవాడు "కాబట్టి నేను విమర్శనాత్మకంగా ఆలోచిస్తున్నాను" అంటాడు చూశారూ, అక్కడ. వోచర్లు అడగాల్సింది అక్కడే.

ఆ ఫార్ములా ఏమిటో ఇందులో రాండీ అనే కుర్రాడు చెబుతాడు. వీడియో షాపులో పనిచేస్తాడు. పార్టీలో అందరూ 'హాలోవీన్' చూస్తుంటే టీవీ ఆపి, హారర్ సినిమాలో బతికి బయటపడాలంటే మూడు రూల్సున్నాయని ఉపన్యాసమిస్తాడు. ఒకటి, శృంగారం పనికిరాదు. రెండు, మందూ మత్తూ ముట్టకూడదు. మూడు, "ఇప్పుడే వచ్చేస్తా" అని ఎప్పుడూ అనకూడదు. అన్నావో, తిరిగి రావు. (మన ఇళ్ళల్లో దీనికి సరిగ్గా తిరగేసిన రూలుంది: "వెళ్తాను" అనకూడదు, "వెళ్ళొస్తాను" అనాలి! ఒకచోట వస్తానంటే చావు, మరోచోట వస్తాననకపోతే అపశకునం. రెండు శాస్త్రాలూ ఒకే గదిలో కూర్చుని తేల్చుకుంటే బాగుండును.)

రాండీ చెప్పిన రూల్సు అసలు నిజమేనా? 'స్క్రీమ్' ఒకందుకు మెచ్చుకోదగ్గ సినిమా. పరీక్షించడానికి కావలసిన సాక్ష్యమంతా తనలోనే పెట్టింది. ముసుగువాళ్ళ చేతిలో కథాకాలంలో చచ్చిపోయేవాళ్ళు ఐదుగురు. పాప్‌కార్న్ వేయించుకుంటున్న అమ్మాయి. ఆమె స్నేహితుడు. స్కూలు ప్రిన్సిపాలు, తన ఆఫీసులో. కథానాయిక స్నేహితురాలు టేటమ్, గ్యారేజిలో. టీవీ చానల్ కెమెరామన్, డ్యూటీలో. వీళ్ళలో ఒక్కరు కూడా మొదటి రూలు తప్పినట్టు సినిమా చూపించదు. తప్పేది ఎవరు? కథానాయిక సిడ్నీ. రాండీ కింద ఉపన్యాసం దంచుతుంటే ఆమె పై గదిలో ఆ రూలే తప్పుతుంది. ఆఖరికి మిగిలేదీ, హంతకుణ్ణి కాల్చేదీ ఆమే.

పోనీ 'స్క్రీమ్' కావాలని తిరగరాసింది, పాత సినిమాల్లో రూలు నిజమే అంటారా? రాండీ ఏ సినిమా ఆపి ఉపన్యాసమిచ్చాడో ఆ 'హాలోవీన్'నే చూడండి. బతికి బయటపడే లారీ అనే అమ్మాయి స్నేహితురాలి కారులో గంజాయి పీలుస్తుంది. రెండో రూలు గల్లంతు. హంతకుడు బట్టల కోసం చంపిన మెకానిక్ ఏ రూలు తప్పాడు? ఇంకా వెనక్కి వెళ్ళి 1974 నాటి కెనడా సినిమా 'బ్లాక్ క్రిస్మస్' చూడండి. మొట్టమొదట చచ్చిపోయేది అందరికంటే బుద్ధిమంతురాలైన అమ్మాయి. చివరిదాకా నిలిచేది పెళ్ళికాకుండా గర్భవతై, గర్భస్రావం చేయించుకోవాలని నిశ్చయించుకున్న అమ్మాయి. ఈ రకం సినిమాల ఆది గ్రంథాల్లోనే రూలు తలకిందులుగా ఉంది.

అయితే రూలు పూర్తిగా గాల్లోంచి పుట్టిందని అనను. కెరోల్ క్లోవర్ అనే ప్రొఫెసరు 1987లో ఒక వ్యాసంలో, ఆ తర్వాత 1992లో పుస్తకంలో, ఆఖరుకి ఒక అమ్మాయి మిగలడాన్ని గుర్తించి 'ఫైనల్ గర్ల్' అని పేరు పెట్టింది. 1990లో ఇద్దరు పరిశోధకులు 56 స్లాషర్ సినిమాలు ముందేసుకుని లెక్కగట్టారు. హతుల్లో ఆడవాళ్ళే ఎక్కువన్న ప్రచారం నిలబడలేదు. ఆడవాళ్ళు మగవాళ్ళ కంటే ఎక్కువగా బతికి బయటపడ్డారు. అయితే చచ్చిపోయిన ఆడవాళ్ళలో శృంగారంతో ముడిపెట్టి చూపించినవాళ్ళు, బతికినవాళ్ళలో కంటే ఎక్కువ. అంటే ఒక మొగ్గు ఉంది. మొగ్గు ఉండటం వేరు, రూలు వేరు. పైగా ఆ మొగ్గు ప్రకృతి పెట్టింది కాదు, కథ రాసినవాడు పెట్టింది. దాన్ని గురుత్వాకర్షణ సూత్రంలా అప్పజెప్పడం దగ్గరే శాస్త్రం పోయి శకునం మొదలవుతుంది.

మరి ఇన్ని అపవాదాలుండగా అభిమానులందరికీ రూల్సే ఎందుకు గుర్తున్నాయి? దీనికి సినిమా పాండిత్యం అక్కర్లేదు. నేను ఉద్యోగంలో ఉండగా ఒక డిపోలో స్టాకు తనిఖీకి వెళ్తే, అక్కడి స్టోర్ కీపరే పది బిన్ కార్డులు తీసి "ఇవి చూసుకోండి సార్" అని బల్ల మీద పెట్టేవాడు. ఆ పదీ అణాపైసలతో సహా సరిపోయేవి. ఆయన తియ్యని పదకొండో కార్డు అడిగితే ముందు టీ వచ్చేది, దాని వెనక సమోసా వచ్చేది. మన మెదడూ అలాంటి స్టోర్ కీపరే. సరిపోయిన కార్డులే పైకి తీసి పెడుతుంది. 'స్క్రీమ్' ఆఖర్లో, చచ్చాడనుకున్న హంతకుడు ఒకసారి లేస్తాడని రాండీ హెచ్చరిస్తాడు, వాడు లేస్తాడు. హాలంతా చప్పట్లు. ఆ ఒక్కటీ గుర్తుంటుంది. అదే రాత్రి అదే రాండీ బీరు తాగుతూ కూడా బతికి బయటపడ్డాడన్నది ఎవరికీ గుర్తుండదు. వాస్తు సిద్ధాంతి నడిపే వ్యాపారం సరిగ్గా ఇదే పద్ధతి మీద నడుస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. రూలు తెలియడం వల్ల ఈ సినిమాలో ఎవరికి మేలు జరిగింది?

టేటమ్ గ్యారేజిలో ముసుగువాణ్ణి చూస్తుంది. ఆమెకి హారర్ సినిమాలు బాగా తెలుసు. కాబట్టి ఇది ఎవరో వేస్తున్న వేషం అనుకుని, తనూ బాధితురాలి వేషం కట్టి వేళాకోళం ఆడుతుంది. పారిపోవడానికి ఉన్న కాస్త సమయం ఆ హాస్యంలోనే పోతుంది. తెలియనిదైతే జడుసుకుని పరిగెత్తేది. సిడ్నీ అంతకుముందు, ఈ సినిమాల్లో అమ్మాయిలు బయటికి పారిపోకుండా మేడమీదికి పరిగెడతారని వెక్కిరిస్తుంది. కాసేపటికి తన ప్రాణం మీదికి వస్తే తనూ మేడమీదికే పరిగెడుతుంది. ఇక రాండీ. సోఫాలో కూర్చుని టీవీలో 'హాలోవీన్' చూస్తూ, అందులోని నటిని వెనక్కి చూడు, వెనక్కి చూడు అని అరుస్తుంటాడు. అతని వెనకే ముసుగువాడు కత్తి పట్టుకుని నిలబడి ఉంటాడు. ఈ దృశ్యాన్ని బయట వ్యానులో కూర్చుని రహస్య కెమెరా ద్వారా చూస్తున్న కెమెరామన్, రాండీని వెనక్కి చూడమని తను అరుస్తాడు. అంతలో గుర్తొస్తుంది, ఆ కెమెరా బొమ్మ ముప్పై సెకన్లు ఆలస్యంగా వస్తుందని. తలుపు తీస్తాడు. హంతకుడు అప్పటికే వ్యాను దగ్గరున్నాడు.

నా దృష్టిలో ఆ సినిమా మొత్తానికీ నిజాయితీగల ఘట్టం ఇదొక్కటే. తెలిసినవాడు, తెలిసినవాణ్ణి చూస్తున్నవాడు, వాణ్ణి చూస్తూ కుర్చీలో మనం. అందరం ఎదుటివాడి వీపు వెనక ఏముందో చూస్తున్నాం. ఒక్కరి మెడా తిరగదు. ఇన్ని రూల్సు చెప్పిన రాండీ రెండో భాగంలో (1997) పట్టపగలు, కాలేజీ ఆవరణలో, నలుగురూ తిరుగుతుండగా చచ్చిపోతాడు.

సినిమా ఇంత స్పష్టంగా చెప్పినా అభిమానులు ఇంటికి పట్టుకెళ్ళింది ఈ ఘట్టాన్ని కాదు, రూల్సునే. ఎందుకో ఆలోచిస్తే నాకు తట్టిన జవాబు ఒకటి. జనం ఈ సినిమాలో కొనుక్కున్నది భయాన్ని కాదు, హామీని. పద్ధతిగా ఉంటే బతుకుతావు, చచ్చినవాడు ఏదో తప్పు చేసే ఉంటాడు అన్న హామీ.

ఈ కథ ఎక్కడ పుట్టిందో చూడండి. 1990 ఆగస్టులో ఫ్లోరిడా రాష్ట్రంలోని గెయిన్స్‌విల్‌లో కొద్దిరోజుల వ్యవధిలో ఐదుగురు కాలేజీ విద్యార్థులు హత్యకు గురయ్యారు. నలుగురు అమ్మాయిలు, ఒక అబ్బాయి. అందరూ తాము ఉంటున్న ఇళ్ళలోనే. చంపిన డానీ రోలింగ్‌కి మరణశిక్ష పడి 2006లో అమలైంది. ఈ హత్యల మీద టీవీలో వచ్చిన కార్యక్రమాన్ని విలియమ్సన్ ఒంటరిగా చూస్తూ, ఇంట్లో ఒక కిటికీ తెరిచి ఉండటం గమనించి, భయపడి, కత్తి పట్టుకుని స్నేహితుడికి ఫోను చేశాడట. మాటలు హారర్ సినిమాల మీదికి మళ్ళాయట. 'స్క్రీమ్' బీజం అది. ఆ ఐదుగురు పిల్లలు ఏ రూలు తప్పారు? చదువుకుంటున్నారు, తమ ఇళ్ళలో తామున్నారు. అంతే. అసలు భయం అది. ఏ రూలూ పనిచెయ్యని చోట ఉండే భయం. దాన్ని భరించలేక మనిషి దాని చుట్టూ మూడు రూల్సు అల్లుకున్నాడు.

అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు మెల్విన్ లెర్నర్ దీనికో పేరు పెట్టాడు: న్యాయమైన లోకం ఉందన్న నమ్మకం. 1966లో ఆయన, ఇంకొకరు కలిసి అచ్చేసిన ప్రయోగంలో, ఒక అమ్మాయి తప్పు చెప్పినప్పుడల్లా కరెంటు షాకు తింటున్నట్టు కొందరు విద్యార్థినులకి చూపించారు. నిజానికి షాకులేమీ లేవు, అది నటన. ఆమె బాధ ఆపే దారి లేదని తెలిసినప్పుడు, చూస్తున్నవాళ్ళు ఆమెని తక్కువచేసి మాట్లాడటం మొదలుపెట్టారు. అన్యాయాన్ని ఆపలేకపోతే, అది న్యాయమేనని మనసుకి సర్దిచెప్పుకున్నారు. మన దేశంలో దీనికి వేల ఏళ్ళ నాటి పేరు ఉంది. కర్మ సిద్ధాంతం అంటారు.

ఇది సినిమా హాల్లోనే ఆగిపోతే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో ఒక అమ్మాయి మీద జరిగిన ఘోరం తర్వాత, 2013 జనవరిలో ఆసారాం బాపు ఏమన్నాడో గుర్తుందా? ఆమె గురుదీక్ష తీసుకుని మంత్రం జపించి ఉంటే, ఆ దుర్మార్గుల్లో ఒకణ్ణి అన్నా అని పిలిచి బతిమాలుకుని ఉంటే అలా జరిగేది కాదన్నాడు. తప్పు ఒకవైపే ఉండదన్నాడు. అంటే ఏమిటి? రూలొకటి ఉంది, ఆమె పాటించలేదు! మైనరు బాలిక మీద అత్యాచారం కేసులో ఆ బాపుకే 2018లో జోధ్‌పూర్ కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. మన దగ్గర 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలి హత్య జరిగినప్పుడు, ఆమె చెల్లెలికి బదులు 100కి ఫోను చేసి ఉంటే బతికేదని తెలంగాణ మంత్రి ఒకాయన సెలవిచ్చారు. బాపు మంత్రం చెప్పాడు, మంత్రిగారు నంబరు చెప్పారు. ఇద్దరిదీ రాండీ ఉపన్యాసమే. తేడా ఏమిటంటే, రాండీ చెప్పింది సినిమా పాత్రల గురించి.

"అదేమిటి సార్, సరదాగా సినిమా చూసేవాణ్ణి తీసుకెళ్ళి ఆసారాం పక్కన కూర్చోబెడతారా?" అని కుర్రవాళ్ళు అడగవచ్చు. కూర్చోబెట్టడం లేదు. అభిమాని ఎవరికీ హాని చెయ్యడు. తెర మీద నెత్తురు చూసినవాడు వీధిలో కత్తి పడతాడన్న వాదం కూడా నాకు సమ్మతం కాదు. నేను అనేది ఇంతే: "రూలు తెలుసు" అన్న తృప్తికి, "రూలు నిజమా" అన్న ప్రశ్నకి మధ్య చాలా దూరం ఉంది. మొదటిది పాండిత్యం. రెండోది మాత్రమే హేతువాదం. 'స్క్రీమ్' మొదటిదాన్ని అమ్ముతుంది. ఐదో భాగం (2022) చూస్తే ఈ పాండిత్యం ఎక్కడికి పోతుందో ఆ సినిమా వాళ్ళకే అర్థమైనట్టుంది. అందులో హంతకులు వీరాభిమానులు. తమ అభిమాన సినిమా దారి తప్పిందన్న ఉక్రోషంతో హత్యలకి దిగుతారు. రూల్సు ముదిరితే గ్రంథమవుతాయి, గ్రంథం ముదిరితే దానికి కాపలాదార్లు తయారవుతారు. ఇది మనకి తెలియని కథ కాదు.

ఆ రెండో ప్రశ్న అడిగిన సినిమా ఒకటుంది: 'ది క్యాబిన్ ఇన్ ది వుడ్స్' (2012). ఐదుగురు కాలేజీ పిల్లలు అడవిలో ఇంటికి వెళ్తారు. మామూలు కథే. కానీ భూమి కింద ఒక పెద్ద ఆఫీసుంటుంది. టై కట్టుకున్న గుమాస్తాలు, మీటలు, తెరలు. ఒకమ్మాయి జుట్టుకి వేసుకునే రంగులో మందు కలిపి ఆమె తెలివి మొద్దుబారేలా చేసేది వీళ్ళు. గాలిలోకి మందు వదిలి శృంగారంలోకి దింపేది వీళ్ళు. ఏ భూతం బయటికొస్తుందోనని డిపార్టుమెంట్ల వారీగా పందేలు కాసుకునేది వీళ్ళు. ఆఫీసుల్లో బతుకు గడిపినవాడిగా ఆ పందేలు చూసి నవ్వాపుకోలేకపోయాను. కింద పడుకున్న పురాతన దేవతలకి బలి కావాలి. బలికి 'కన్య' అన్న హోదాలో ఒకరుండాలి. తీరా ఆ అమ్మాయి కన్య కాదు. ఉన్నదాంతో సర్దుకుంటున్నాం అంటారు ఆఫీసువాళ్ళు! అంటే రూలు ప్రకృతిలో లేదు, మేనేజిమెంటులో ఉంది. ఎవడో పెట్టాడు, ఎవడో అమలు చేస్తున్నాడు, అమలు కాకపోతే రికార్డులో అయినట్టు రాస్తున్నాడు. వోచర్ రాసినవాడి ముఖం చూపించిన సినిమా ఇది. కుర్రవాళ్ళు హేతువాదుల హారర్ అన్న బిరుదు ఇవ్వదలుచుకుంటే దీనికి ఇవ్వవచ్చు. 'స్క్రీమ్' అంత డబ్బు ఇది చెయ్యలేదన్నది కూడా ఆలోచించాల్సిన సంగతే.

ఇప్పుడు అద్దం మనవైపు తిప్పుతాను. గాలిలోంచి విభూతి ఎలా వస్తుందో మనకి తెలుసు. నాలుక మీద కర్పూరం ఎలా వెలిగిస్తారో, నిప్పుల మీద ఎలా నడుస్తారో తెలుసు. 2009లో మరణించిన బి. ప్రేమానంద్ గారు ఇవన్నీ ఊరూరా తిరిగి చేసి చూపించారు. చూస్తున్న పిల్లాణ్ణి ముందుకు పిలిచి వాడి చేత కూడా చేయించడం ఆ ప్రదర్శనల ప్రాణం. మనం చాలాచోట్ల దాన్ని క్విజ్‌గా మార్చుకున్నాం. "ఇందులో ట్రిక్కేమిటో నాకు తెలుసు" అని ఒకరికొకరు చెప్పుకుని నవ్వుకుని ఇంటికి పోతున్నాం. బాబా వీడియో చూస్తూ "మోసపోకురా, వెనక్కి చూడరా" అని భక్తుడి మీద అరుస్తున్నాం. మన వెనక ఎవరున్నారు? ముహూర్తాన్ని వెక్కిరించే మనిషే షేర్ మార్కెట్ చార్టులో గీతలు చూసి రేపు ఏమవుతుందో చెబుతాడు. తాయెత్తుని వెక్కిరించే మనిషే వాట్సాప్‌లో వచ్చిన కషాయాన్ని పదిమందికి పంపిస్తాడు. ట్రిక్కులు తెలిసినంత మాత్రాన వ్యాధినిరోధక శక్తి వచ్చేసిందనుకుంటే, టేటమ్ గ్యారేజిలో నవ్విన నవ్వే మనదీను.

కాబట్టి సమావేశంలో సినిమా వెయ్యాలా వద్దా అన్న వాదనకి నా జవాబు: తప్పకుండా వెయ్యండి. కానీ ముందు ప్రతివాళ్ళకీ ఒక కాగితం, ఒక పెన్సిలు ఇవ్వండి. కాగితం మీద నాలుగు గళ్ళు గియ్యండి. రూలు తప్పి చచ్చినవాళ్ళు, రూలు తప్పి బతికినవాళ్ళు, రూలు పాటించి చచ్చినవాళ్ళు, రూలు పాటించి బతికినవాళ్ళు. ప్రతి పాత్రనీ ఏదో ఒక గడిలో వెయ్యమనండి. మొదటి గడి మనకి ఎలాగూ గుర్తుంటుంది. మిగతా మూడూ నింపడమే పని. సినిమా అయ్యాక గళ్ళు కూడి చూడండి, రాండీ శాస్త్రం ఎంత నిలుస్తుందో.

ఆ కాగితం పారెయ్యకండి. పైన 'రూలు' అన్న మాట కొట్టేసి 'వాస్తు' అని రాయండి, 'జాతకం' అని రాయండి, 'చార్టు' అని రాయండి. గళ్ళు అవే.